తిరగలిని తాకట్టు పెట్టకండి

ఒమన్‌లోని బర్కాలో పనిచేస్తున్న తెలుగువాళ్లకు ఇది హెచ్చరిక. అవసరం ఎంత పెద్దదైనా సరే, పాస్‌పోర్టు, బతాకా (రెసిడెంట్ కార్డు), బ్యాంకు కార్డు, మీ పేరు మీదున్న సిమ్ కార్డు, ఈ నాలుగింటినీ అప్పుకు తాకట్టుగా ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే వచ్చే జీతం దాకా ఆగకండి. వెనక్కి తెచ్చుకునే పని ఈ రోజే మొదలుపెట్టండి. ఎలా తెచ్చుకోవాలో కింద చెప్తాం. ముందు ఎందుకో వినండి.

జీతాలు పడిన రాత్రి ఏటీఎం దగ్గర జరిగేది గల్ఫ్‌లో బతికినవాళ్లకు కొత్త కాదు. ఒకే మనిషి లోపలికి వెళ్లి పది పన్నెండు కార్డులు బయటికి తీస్తాడు. రబ్బరు బ్యాండు చుట్టిన కట్ట అది. ఒక్కో కార్డు వెనక తెల్ల టేపు ముక్క, దాని మీద బాల్‌పెన్నుతో రాసిన నాలుగంకెలు. ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు చెప్పి మరీ ఇచ్చిన అంకెలవి. కార్డుల అసలు సొంతదారులు బయట మెట్ల మీద కూర్చుని ఉంటారు. నెలంతా ఎండలో చేసిన కష్టం వాళ్ల పేరు మీదే పడింది. అందులో ఎంత మిగిలిందో మాత్రం ఆ మనిషి బయటికొచ్చి చేతిలో పెట్టాకే తెలుస్తుంది.

మస్కట్ నుంచి సోహార్ వైపు వెళ్తుంటే బాతినా తీరం వెంబడి వచ్చే బర్కా కష్టజీవుల ఊరు. ఖర్జూర తోటలు, చేపల మార్కెట్టు, కరెంటు ప్లాంట్లు, సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంట్లు, ఖజాయిన్ ఎకనామిక్ సిటీ అన్నీ జిల్లా లాంటి ఈ విలాయత్‌లోనివే. మవాలే పాత మార్కెట్టు స్థానంలో 2024లో కూరగాయల, పండ్ల హోల్‌సేల్ మార్కెట్టు కూడా ఖజాయిన్‌కే వచ్చింది. తోటపనికీ, మేస్త్రీ పనికీ, లోడింగుకీ, ఇంటిపనికీ గల్ఫ్ దారి పట్టే మనవాళ్లు కోనసీమ, పశ్చిమ గోదావరి, రాజంపేట, రాయచోటి, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి బయల్దేరతారు. చాలామంది అప్పుతోనే విమానం ఎక్కుతారు. ఊళ్లో పాసుపుస్తకం తాకట్టు. ఇక్కడికొచ్చాక పాస్‌పోర్టు తాకట్టు. రెండు అప్పుల మధ్య మనిషి నలిగిపోతాడు.

లెక్క చూడండి

ఊళ్లో తల్లికి ఆపరేషన్ అన్నారు. క్యాంపులో ఒకతని దగ్గర 300 రియాల్ తీసుకున్నారనుకోండి. వడ్డీ నూటికి నెలకు పది. హామీగా ఏటీఎం కార్డు. మీ జీతం 120 రియాల్. ప్రతి నెలా అతను 120 తీసి 30 తన జేబులో వేసుకుని 90 మీకిస్తాడు. పది నెలలు గడిచేసరికి మీరు కట్టింది 300 రియాల్, సరిగ్గా తీసుకున్నంత. అప్పు ఎంత తగ్గింది? బైసా కూడా తగ్గలేదు. 300 అలాగే నిలబడి ఉంది.

ఏడాదికి ఇది 120 శాతం వడ్డీ. ఒమన్ సెంట్రల్ బ్యాంకు 2013లో బ్యాంకుల వ్యక్తిగత రుణాల మీద వడ్డీ పరిమితిని 6 శాతానికి తగ్గించింది. ఆ పరిమితికి ఇది ఇరవై రెట్లు. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేలుమంటుంది మనకు. ఇక్కడ పది రూపాయల వడ్డీకి తల ఊపుతున్నామంటే కారణం ఒకటే. అక్కడ కాగితం మీద సంతకం పెట్టి, రూపాయలు చేత్తో లెక్కపెట్టి కడతాం. ఇక్కడ కార్డే అతని దగ్గరుంది. వడ్డీ కడుతున్నట్టే అనిపించదు, జీతమే తక్కువ వచ్చినట్టు అనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఇలా అప్పిచ్చేవాడికి అసలు తిరిగిరావడం అంత ముఖ్యం కాదు. అతనికి కావాల్సింది కార్డు తన దగ్గర ఉండటం. మీరు అసలు తీర్చేస్తానన్న రోజున "తొందరేముందన్నా, వచ్చే నెల చూద్దాం" అంటాడు. అలా అన్నాడంటే ఆ అప్పు తీరేది కాదని అర్థం చేసుకోండి.

మీది కానిదాన్ని ఎలా తాకట్టు పెడతారు?

పాస్‌పోర్టు మీద మీ ఫొటో ఉంటుంది, మీ పేరు ఉంటుంది, మీ నాన్న పేరు ఉంటుంది. అయినా అది మీ సొత్తు కాదు. 1967 నాటి భారత పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తే. మీది కానిదాన్ని తాకట్టు పెట్టే హక్కు మీకు లేదు. తాకట్టుగా పట్టుకునే హక్కు అవతలివాడికీ లేదు. తెలిసి తెలిసి మరొకరి వాడకానికి దాన్ని ఇస్తే అదే చట్టం 12వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అప్పిచ్చినవాడి పెట్టెలో ఉన్న పాస్‌పోర్టు రేపు ఎవరి సిమ్ కోసం, ఎవరి గది అద్దె కోసం జిరాక్సు అవుతుందో మీకు తెలియదు.

ఒమన్ చట్టం కూడా ఈ విషయంలో మెతగ్గా లేదు. 2023లో వచ్చిన కొత్త కార్మిక చట్టం, అంటే 53/2023 రాజశాసనం, కార్మికుడి రాతపూర్వక అంగీకారం లేకుండా యజమాని పాస్‌పోర్టు దాచుకోకూడదని అంటుంది. 2006 నాటి ప్రభుత్వ సర్క్యులర్ కూడా ఆ మాటే చెప్పింది. యజమాని అయిన అర్బాబ్‌కే లేని హక్కు క్యాంపులో వడ్డీకి తిప్పేవాడికి ఎక్కడినుంచి వస్తుంది? అయితే ఆ "రాతపూర్వక అంగీకారం" అన్న మాట దగ్గర జాగ్రత్త. అరబ్బీలో టైపు చేసిన కాగితం ముందు పెట్టి సంతకం పెట్టమంటే, అందులో ఏముందో చదివి చెప్పే మనిషి దొరికేదాకా పెన్ను పట్టుకోకండి. ఇంటిపని చేసే అక్కచెల్లెళ్లకు వర్తించే నిబంధనలు వేరుగా ఉన్నాయి. కానీ పాస్‌పోర్టు భారత ప్రభుత్వానిదన్న సంగతి మాత్రం వంటింట్లో ఉన్నా, తోటలో ఉన్నా మారదు.

పాస్‌పోర్టు పరాయి చేతిలో ఉంటే ఏమవుతుందో తెలిసే రోజు ఒకటి వస్తుంది. అర్ధరాత్రి ఊరినుంచి ఫోను. నాన్న పోయాడు. తెల్లవారి విమానానికి టికెట్ కొనడానికి స్నేహితులు చందాలు వేస్తారు. పాస్‌పోర్టు కోసం వెళ్తే అప్పిచ్చినవాడు ఫోను ఎత్తడు, లేదా 300 రియాల్ ముందు పెట్టమంటాడు. కొరివి పెట్టాల్సిన కొడుకు గదిలో కూర్చుని వీడియో కాల్‌లో చితి చూస్తాడు. 300 రియాల్‌కు తాకట్టు పడింది పుస్తకం కాదు, ఆ కడసారి చూపు.

బతాకా సంగతి ఇంకా ప్రమాదం. రోడ్డు మీద పోలీసులు అడిగితే చూపించాల్సింది అదే. అది జేబులో లేకపోతే, అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్నవాడు కూడా ఆ క్షణానికి కాగితాల్లేని కల్లివెల్లిలాగే కనిపిస్తాడు. బ్యాంకు కార్డుతో పాటు పిన్ కూడా ఇచ్చారంటే ఆ ఖాతాలో జరిగే ప్రతిదానికీ ముందుగా జవాబు చెప్పుకోవాల్సింది మీరే. ఎవరినో మోసం చేసి రాబట్టిన డబ్బు మీ ఖాతాలో పడి, అక్కడినుంచి ఇంకో ఖాతాకు వెళ్లిపోతే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతాలో పేరున్న మనిషి కోసం. సిమ్ కూడా అంతే. ఓటీపీ వచ్చేది సిమ్‌కు, కేసు వచ్చేది సిమ్ ఎవరి పేరు మీదుందో వాళ్లకు.

చిన్న దుకాణమో, టైలర్ షాపో, వర్క్‌షాపో నడుపుకునేవాళ్లకు మరో ఉచ్చు ఉంది. అంకె వేయకుండా సంతకం చేసిన చెక్కు. "ఊరికే నా దగ్గర ఉంచుకుంటా" అంటాడు. 300 అప్పుకు ఇచ్చిన ఖాళీ చెక్కు మీద రేపు 3,000 అని రాస్తే చెల్లదని నిరూపించుకోవాల్సింది మీరు. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే ఒమన్‌లో అది క్రిమినల్ కేసు. అప్పుల దావాలో కోర్టు దేశం విడిచి వెళ్లకుండా నిషేధం కూడా విధించగలదు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర అయినా, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం అయినా ఇదే దారి.

పాత ధర్మం, కొత్త చట్టం ఒకటే చెప్తున్నాయి

మనవాళ్లలో శుక్రవారం సెలవునాడు ప్రార్థన కూడికకు వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ వారం బైబిల్లో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం తెరిచి చూడండి. తిరగలిని గానీ, దాని పై రాతిని గానీ తాకట్టుగా తీసుకోకూడదన్న నియమం అందులో ఉంది. ఎందుకంటే తిరగలి పట్టుకుపోవడమంటే మనిషి బతుకునే పట్టుకుపోవడం. బీదవాడు కప్పుకునే వస్త్రం తాకట్టు పెడితే పొద్దుగూకేలోపు తిరిగివ్వాలి, రాత్రి అతను అది కప్పుకుని పడుకోవాలి. ఇంకో చక్కని నియమం: అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం బాకీదారు ఇంట్లోకి జొరబడకూడదు. బయటే నిలబడాలి. బాకీదారే తెచ్చి ఇవ్వాలి. గదిలోకి వచ్చి మంచం కింది ట్రంకుపెట్టె లాగి తాళం అడిగేవాడు ఉంటే అతనికి వేల ఏళ్ల కిందటి ఈ నియమం వినిపించండి.

మనం బతుకుతున్న ఈ నేల ధర్మం కూడా తాకట్టును ఎరగనిది కాదు. అరబ్బీలో దాన్ని రహన్ అంటారు. ప్రయాణంలో ఉండి, పత్రం రాసేవాడు దొరకనప్పుడు తాకట్టు వస్తువు చేతికిచ్చి అప్పు తీసుకోవచ్చని ఖురాన్ రెండో అధ్యాయమే చెప్తుంది. కానీ గడువు దాటినంత మాత్రాన ఆ వస్తువు అప్పిచ్చినవాడి సొంతమైపోదన్నది ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో పాత సూత్రం. తాకట్టు హామీ మాత్రమే, అమ్మకం కాదు. "నెలాఖరుకు కట్టకపోతే గొలుసు నాదే" అని ఎవరన్నా అంటే ఆ మాటకు ఇక్కడి ధర్మంలో బలం లేదు.

మన దేశ చట్టంలోకి వస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూడండి. బాకీదారు మీద డిక్రీ వచ్చినా కోర్టు అమీనా జప్తు చేయకూడని వస్తువుల జాబితా అందులో ఉంది: అవసరమైన బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు. మత ఆచారం ప్రకారం స్త్రీ ఒంటిమీంచి తీయకూడని ఆభరణాలు, అంటే మన లెక్కలో తాళిబొట్టు. చేతిపనివాడి పనిముట్లు. రైతు నాగలి, పశువులు, విత్తనాలు. కోర్టే తాకనిదాన్ని వడ్డీ వ్యాపారి ముందు మనంతట మనమే పెట్టడం ఏం న్యాయం?

బైబిల్ నియమంలోనూ, మన చట్టంలోనూ నడిచే ఆలోచన ఒకటే. అప్పుకు హామీ కావాలంటే మనిషి దగ్గర మిగులు ఉన్నది అడగొచ్చు, అతను ఏ వస్తువుతో బతుకుతున్నాడో దాన్ని అడగకూడదు. ఊళ్లో తిరగలి అంటే పిండి విసిరే రాయి. బర్కాలో మన తిరగలి ఆ నాలుగు వస్తువులే.

ఊళ్లో బంగారం తాకట్టు ఉంటే

ఇక్కడి అప్పుకు విరుగుడుగా చాలామంది ఇంటికి ఫోన్ చేసి "నీ గాజులు పెట్టి డబ్బు పంపించు" అంటారు. పాస్‌పోర్టు కన్నా బంగారం తాకట్టు నయమే. దానికి చట్టం ఉంది, రసీదు ఉంది. అయితే ఇంటి ఆడవాళ్లకు ఈ నాలుగు మాటలు చెప్పండి.

రసీదు లేని చోట బంగారం పెట్టవద్దు. ఆంధ్ర ప్రాంతంలో తాకట్టు వ్యాపారులకు ప్రత్యేకంగా చట్టం ఉంది, లైసెన్సు తీసుకుని, రసీదు రాసిచ్చి వ్యాపారం చేయాలి. బరువు, వస్తువు పేరు, వడ్డీ, తేదీ లేని చీటీ రసీదు కాదు.

గడువు దాటినా హక్కు పోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 176వ సెక్షన్ ప్రకారం అమ్మే ముందు తగిన నోటీసు ఇవ్వాలి, అమ్మగా మిగిలింది తిరిగివ్వాలి. 177వ సెక్షన్ ప్రకారం నిజంగా అమ్మేసే క్షణం దాకా బాకీ, ఖర్చులు కట్టి విడిపించుకోవచ్చు. "డేటు అయిపోయింది, ఇక అడగొద్దు" అంటే నమ్మకండి.

బ్యాంకుల్లో, ఫైనాన్సు కంపెనీల్లో పెడితే రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన కొత్త ఆదేశాలు తెలుసుకోండి. 2026 ఏప్రిల్ 1 నాటికి అమలు చేయాలని గడువు పెట్టింది. రెండున్నర లక్షల దాకా అప్పులకు బంగారం విలువలో 85 శాతం వరకు, ఐదు లక్షల దాకా 80 శాతం వరకు, ఆపైన 75 శాతం వరకు ఇవ్వొచ్చు. గీటురాయి పరీక్ష మీ కళ్లముందే జరగాలి. అప్పు తీర్చాక గరిష్ఠంగా ఏడు పనిదినాల్లో నగ తిరిగివ్వాలి. తమ తప్పువల్ల ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయలు వాళ్లే మీకు చెల్లించాలి. పది గ్రాముల ధర 2025లోనే లక్ష దాటింది. అంటే చిన్న అప్పుకు పెద్ద నగ వేలానికి వదిలేస్తే పోయేది పాత విలువ కాదు, ఈనాటి విలువ.

వీసా కోసం పాసుపుస్తకం పెట్టవద్దు. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు మన దగ్గర తీసుకోవాల్సిన సేవా రుసుం గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్‌టీ. మొత్తం 35,400. లక్షల్లో అడిగేవాడి చేతిలో తమ్ముడిని పెట్టకండి. మెడకు ఈ ఉరి అక్కడే మొదలవుతుంది.

ఇప్పటికే ఇచ్చేసి ఉంటే

భయపడి గదిలో కూర్చోకండి, భయపడి పారిపోనూ వద్దు. పని వదిలి కల్లివెల్లి అయిపోతే అప్పుతో పాటు కొత్త కేసు నెత్తికెక్కుతుంది. వరుసగా ఇలా చేయండి.

మొదట కార్డు. బ్యాంకుకు వెళ్లి బతాకా చూపించి పాత కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి. ఇది మీ ఖాతా, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలాగని అప్పు ఎగ్గొట్టమని మేం చెప్పడం లేదు. తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగివ్వండి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారానే ఇవ్వండి, ప్రతి బైసాకూ ఆధారం ఉంటుంది. అసలు ఎంత, ఇప్పటిదాకా కట్టింది ఎంత అన్నది ఒక నోటుబుక్కులో తేదీలతో రాసుకోండి.

తర్వాత పాస్‌పోర్టు. అప్పిచ్చినవాడికి వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: "నా పాస్‌పోర్టు మీ దగ్గర ఉంది, ఫలానా తేదీలోపు ఇచ్చేయండి, బాకీ నెలనెలా ఇంత చొప్పున ట్రాన్స్‌ఫర్ చేస్తాను." జవాబు వచ్చినా రాకపోయినా అది ఆధారమే. ఇవ్వకపోతే మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ జరిగే ఓపెన్ హౌస్‌లో నేరుగా చెప్పుకోవచ్చు. మదద్ పోర్టల్‌లోనూ నమోదు చేయండి. ఆంధ్ర వాళ్లు ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి కూడా ఫోన్ చేయవచ్చు. బెదిరింపులు, చేయి చేసుకోవడం దాకా వస్తే రాయల్ ఒమన్ పోలీసు ఎమర్జెన్సీ నంబరు 9999.

ఒక్క తప్పు మాత్రం చేయకండి. పాస్‌పోర్టు అప్పిచ్చినవాడి దగ్గరుందని తెలిసి "పోయింది" అని పోలీసులకు అబద్ధపు ఫిర్యాదు ఇవ్వకండి. రేపు అది బయటపడితే దోషి స్థానంలో నిలబడేది మీరే. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అత్యవసరంగా ఇంటికి వెళ్లాల్సి వస్తే రాయబార కార్యాలయం ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం, అంటే ఔట్‌పాస్ అన్న దారి ఉంది. ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

వడ్డీకి తిప్పేవాళ్లకూ ఒక మాట. మీలో చాలామంది కూడా మనవాళ్లే, నిన్నటిదాకా అదే మంచం మీద పడుకున్నవాళ్లే. సెంట్రల్ బ్యాంకు లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయడం, పరాయివాళ్ల కార్డుల కట్ట దగ్గర ఉంచుకోవడం రేపు మీ మెడకే చుట్టుకుంటుంది. సోదా జరిగిన రోజు ఆ కట్టలో ఉన్న ప్రతి కార్డూ మీ మీద ఒక సాక్ష్యం.

సంఘాలు, కూడికలు, గుడి కమిటీలు నడిపే పెద్దలు చేయాల్సింది ఇంకోటి ఉంది. ఆపద వచ్చిన మనిషి వడ్డీవాడి దగ్గరికి వెళ్లేది, అర్ధరాత్రి తలుపు తీసేవాడు ఇంకెవరూ కనిపించకే. ఒక్కో గదిలో, ఒక్కో క్యాంపులో నెలకు రెండు రియాల్ చొప్పున పక్కనపెట్టి, వడ్డీ లేని చేబదులు సాయానికి ఒక పుస్తకం పెట్టండి. ఇరవై మంది ఉంటే నెలకు 40, ఏడాదికి 480 రియాల్. పైన లెక్కలో చెప్పిన తల్లి ఆపరేషన్ ఆ డబ్బుతో అయిపోతుంది, ఎవరి కార్డూ ఎవరి జేబులోకీ వెళ్లదు.

పిండి లేని రోజు పొరుగింట్లో రెండు డబ్బాలు చేబదులు దొరుకుతాయి. తిరగలి పోయిన ఇంట్లో గింజలున్నా పస్తే. ఈ రాత్రి పడుకునే ముందు మంచం కింది పెట్టె ఒకసారి తెరవండి. పాస్‌పోర్టు, బతాకా, కార్డు, సిమ్. నాలుగూ మీ దగ్గరే ఉంటే పెట్టె మూసి హాయిగా పడుకోండి, రేపు పక్క మంచం మీదున్నవాణ్ని కూడా అడగండి. ఒక్కటి తగ్గినా, పొద్దున పనికెళ్లే ముందే ఆ వాట్సాప్ మెసేజ్ పెట్టండి.